ముందు భోజనం, తర్వాత సభ

పోయిన నెల ఒక ఆదివారం, నేను చర్చి నుంచి వచ్చి చెప్పులింకా విప్పకముందే, వెలిమెలలోని మా అపార్ట్‌మెంటుకు ఒక అమ్మాయి వచ్చింది. పేరు శ్రావ్య. సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాలు చేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. మా ఇంజనీర్ల సొసైటీ పటాన్‌చెరు సెంటరుకు ఈ ఏడు కార్యదర్శి అట. వార్షిక సభకు నన్ను పిలవడానికి వచ్చింది. పిలుపు ఫోన్లోనే పంపవచ్చు, పంపింది కూడా. అయినా పాత సభ్యులను ఇంటికి వెళ్లి పిలవాలని ఎవరో పెద్దలు చెప్పారని ఎండలో స్కూటీ వేసుకుని వచ్చింది. నాకు ముచ్చటేసింది. మంచినీళ్లు తాగి, పిలుపు చెప్పి, లేవబోయి మళ్లీ కూర్చుంది.

“మేడమ్, ఒక్క డౌటు. దేశంల అన్ని సెంటర్లల్ల ముందు మీటింగ్, తర్వాత లంచ్. మనకాడనే ఉల్టా. గేటు బయట ఎవరున్నా లోపలికి పిలిచి ముందు తినిపిస్తం, ఆ తర్వాతనే మీటింగ్. ఎందుకని ఢిల్లీ వాళ్లు ప్రతి ఏడు అడుగుతరు. మావాళ్లల్ల ఎవ్వరికీ తెల్వదు. తిన్నంక అందరికీ నిద్రొస్తది గద, ఈసారి మార్చేద్దామా అనుకుంటున్నం” అంది.

నేను నవ్వాను. నవ్వడం చూసి ఆ పిల్ల తానేదో తప్పు మాట్లాడాననుకుని సర్దుకోబోయింది. “తప్పేం లేదు బిడ్డా, చాయ్ తాగుతవా? జెర పెద్ద కథ” అన్నాను. తాగుతానంది. చాయ్ అయిపోయింది, మధ్యాహ్నం భోజనం కూడా మా ఇంట్లోనే అయింది, అప్పటికి గాని నా కథ ఒడ్డుకు రాలేదు. ఆమెకు నోటితో చెప్పినదాన్నే ఇక్కడ నెమ్మదిగా రాసుకుంటున్నాను.

మాది సంగారెడ్డి. నాన్న బడిపంతులు. పాలిటెక్నిక్‌లో డిప్లొమా కాగానే నాకు పటాన్‌చెరులో పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికింది. రోజూ బస్సులో పోయి రావచ్చు గాని, ఆడపిల్ల షిఫ్టు దిగి అంత దూరం రావడం నాన్నకు నచ్చలేదు. నన్ను తీసుకెళ్లి పటాన్‌చెరులో మా మేనమామ ఇంట్లో పెట్టాడు. పెళ్లయ్యేదాకా నేను అక్కడే ఉన్నాను. నా చిన్నతనమంతా సంగారెడ్డిలో గడిచినా, నాకు బుద్ధి వచ్చింది మాత్రం ఆ ఇంట్లోనే అని ఇప్పటికీ అనుకుంటాను.

మామ పేరు శామ్యూల్. పాశమైలారంలో మందుల ఫ్యాక్టరీలో మెయింటెనెన్సు ఇంజనీరు. అత్తమ్మ పేరు సుశీల. చర్చిలో పాటల గుంపుకు పెద్ద, ఇంట్లో మిగతా అన్నింటికీ పెద్ద. మామ సాయంత్రం గేటు దగ్గరికి రాగానే అత్తమ్మ లోపలి నుంచే “చొక్కా బయటనే విప్పు” అని కేకవేసేది. ఆ చొక్కాకు మందుల ఫ్యాక్టరీ వాసన ఉండేది. స్పిరిటు, కుళ్లిన కోడిగుడ్డు, ఎండలో పెట్టిన ప్లాస్టిక్కు, మూడూ కలిసినట్టు. జామచెట్టు కొమ్మకు దాన్ని తగిలించి, మామ బనీనుతో లోపలికి వచ్చేవాడు. లోపల పల్లీలు వేయించిన వాసన, పచ్చిపులుసులో నలిపిన ఉల్లిగడ్డ వాసన, స్టెన్సిల్ ఇంకు వాసన. ఈ చివరిది సొసైటీ పుణ్యమే. నోటీసులన్నీ మా ముందరి గదిలోనే తయారయ్యేవి. తడి కాగితాలు కుర్చీల మీద, మంచాల మీద, ఒక్కోసారి బియ్యం డబ్బా మీద ఆరుతూ ఉండేవి. అత్తమ్మ వాటిని దాటుకుంటూ కీర్తన పాడుకుంటూ వంట చేసేది.

మామ దేన్నీ ఒక్కటితో నమ్మేవాడు కాదు. గొడుగులు రెండు, గేటుకు తాళాలు రెండు, జేబులో పెన్నులు రెండు, తలగడ దగ్గర అలారం గడియారాలు రెండు. మామిడికాయ పచ్చడి జాడీకి మూత సరిపోదని ఫ్యాక్టరీలో పైపులకు వేసే రబ్బరు షీటు కత్తిరించి గ్యాస్కెట్ వేశాడు. ఆ జాడీ నుంచి నూనె చుక్క కారలేదు, కాకపోతే మూత తీయాలంటే ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చేది. ఇంజనీర్ల భాషలో దీనికి సేఫ్టీ ఫ్యాక్టర్ అని పేరు. ఒక గొలుసు ఎంత బరువు మోయాలో దానికి రెండింతలు మోసేట్టు చేసి పెట్టుకుంటే, లెక్క తప్పినా ప్రాణం పోదు. మామకు అది ఉద్యోగ ధర్మం కాదు, పుట్టుక. అత్తమ్మ ఊరుకునేది కాదు. “అన్నీ రెండు రెండు పెట్టుకుంటవ్. పెండ్లి ఒక్కటే చేసుకున్నవ్, గంతే సంతోషం” అనేది. మామ వినబడనట్టు పేపరు తిప్పేవాడు, పెదవి చివర మాత్రం నవ్వు ఉండేది.

ఇక సొసైటీ సంగతి. దాని పుట్టిల్లు విదేశంలో. భారత శాఖ ఢిల్లీలో. ఆ శాఖ కింద ఊళ్లలో సెంటర్లు. మా సెంటరును మామే మొదలుపెట్టాడు, మా వరండాలోనే. ప్రతి సెంటరూ ఏడాదికి ఇన్ని పనులు చేయాలని ఢిల్లీ నుంచి సర్క్యులర్ వచ్చేది. ఎండలు ముదరకముందు ఒక ఉపన్యాసం, ఎండల్లో ఒక ఫ్యాక్టరీ సందర్శన, వానలు పడ్డాక కాలేజీ పిల్లలకు మోడళ్ల పోటీ, చలికాలంలో రెండో శనివారం వార్షిక సభ. రైతుకు కార్తెలెట్లాగో మా ఇంటికి ఈ నాలుగూ అట్లాగ. ఉపన్యాసం నెలలో అత్తమ్మ ఉప్మా రవ్వ ఎక్కువ తెప్పించేది. సందర్శన రోజు అందరూ తలకు హెల్మెట్లు పెట్టుకుని కొత్త బాయిలరు చుట్టూ పెండ్లిచూపులకు వచ్చినట్టు మర్యాదగా నిలబడేవారు. మోడళ్ల పోటీలో ఒక ఏడు పిల్లలు చేసిన నీటి పంపు బహుమతి ఇవ్వడానికి వచ్చిన ప్రిన్సిపాలును నిలువునా తడిపింది. ఆయన తుడుచుకుని దానికే మొదటి బహుమతి ఇచ్చాడు, పంపు పనిచేస్తోంది కదా అని. బ్యానరు అత్తమ్మే కుట్టింది. గుడ్డ ప్రతి ఏడూ అదే. ఏడాది అంకె మాత్రం వేరే ముక్క మీద కుట్టి, పిన్నీసులతో అతికించేది.

వాన రాని ఊరుండవచ్చు గాని చిక్కు రాని ఇల్లుండదు. ఒక ఏడు ఢిల్లీ నుంచి మామకు కబురొచ్చింది. చిన్న సెంటర్లను దగ్గరలోని పెద్ద నగరం సెంటర్లలో కలిపేస్తున్నారు. మాది హైదరాబాదులో కలుస్తుంది. కలపాలా వద్దా అన్నది తేల్చడానికి భారత శాఖ అధ్యక్షుడే ఈసారి మా వార్షిక సభకు వస్తాడు. సభ్యులు నిండుగా వస్తే సెంటరు ఉంటుంది, లేకుంటే లేదు. మామ ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. “షిఫ్టు దిగినోడు బస్సెక్కి సిటీకి పోయి బేరింగుల గురించి వింటడా, నువ్వే చెప్పు రూతూ” అన్నాడు నాతో. అది నిజమే గాని అసలు సంగతి అది కాదు. ఫ్యాక్టరీలో పైపు కారితేనే మామ గుర్తుకొచ్చేవాడు. చర్చిలో ఆయన సుశీలమ్మ గారి భర్త. ఈ సెంటరులో మాత్రం శామ్యూల్ గారు. అక్కడ ఆయన లేచి నిలబడితే మాటలు ఆగేవి. అది పోతే ఆయనకు ఏం మిగులుతుందో మా ముగ్గురికీ తెలుసు, ముగ్గురమూ అనలేదు.

అప్పటికి నేను సెంటరుకు సంయుక్త కార్యదర్శిని. పోస్టు ఖాళీగా ఉంటే మామ నా పేరు రాసేశాడు, నాకు తెలిసింది తర్వాత. కోశాధికారి నర్సింహారెడ్డి అన్న. పాశమైలారం రైతు కుటుంబం. భూమి కొంత ఫ్యాక్టరీలకు పోగా, మిగిలినదాంట్లో వరి పండించేవారు. తాను ఎలక్ట్రికల్ ఇంజనీరు అయినా మాట తీరు, నడక పొలం గట్టు మీదివే. వార్షిక సభ భోజనానికి బియ్యం వాళ్లింటి నుంచే వచ్చేది. మంది ఎంతమంది వస్తారో మామ ఒక అంచనా వేసుకుని, తన అలవాటు ప్రకారం దానికి సగం కలిపి నర్సింహారెడ్డి అన్నకు చెప్పాడు. కలిపానని చెప్పలేదు. “శామ్యూల్ సార్ మెత్తటి మనిషి, ఎప్పుడైనా తక్కువనే చెప్తడు” అని అన్న ఇంకో సగం కలిపి అత్తమ్మకు చెప్పాడు. “ఢిల్లీ పెద్దమనిషి వస్తుంటే గింతేనా?” అని అత్తమ్మ తన వంతు కలిపింది. వంట చేసే ఖాజా భాయ్ అంతా విని తల ఊపి, “దావత్‌ల దేగ్ గోకిన సప్పుడు వినబడొద్దు అమ్మా” అని తనకు తోచినంత కలుపుకున్నాడు. ఒకరు కలిపింది ఇంకొకరికి తెలియదు. పెళ్లిళ్లు చేసేవాళ్లు కూడా చేయని పొరపాటు ఇది. ఇంజనీర్లు నడుమ ఉంటేనే అవుతుంది.

సభ పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీ క్యాంటీను షెడ్డులో. పొద్దున్నే నేను, అత్తమ్మ వెళ్లేసరికి షెడ్డు వెనుక దేగులు, అంటే పెద్ద పెద్ద వంట గిన్నెలు, వరుసగా పొయ్యిల మీద ఉన్నాయి. బగారన్నం, మటన్ కూర, దాల్చా. వాసనకు కుక్కలు కూడా బుద్ధిగా కూర్చున్నాయి. ఆ దేగులను చూసి మామ ఖాజా భాయ్ వంక, ఖాజా భాయ్ అత్తమ్మ వంక, అత్తమ్మ నర్సింహారెడ్డి అన్న వంక చూశారు. లెక్క అప్పుడు తెలిసింది. “మంచిదే గదా సార్, తక్కువ పడలే” అన్నాడు అన్న. మామ సభ రోజు కోసమే దాచుకునే తెల్లచొక్కా వేసుకుని ఉన్నాడు, ఎక్కువసేపు కోపంగా ఉండలేకపోయాడు. ఢిల్లీ పెద్దాయన కారు దిగాడు. పొడుగ్గా, సన్నగా, చాలా మర్యాదగా ఉన్నాడు. సూటు వేసుకున్నా బూట్లకు మట్టి అంటుతుందని చూసుకోలేదు. ఆయన్ను చూసి నాకు ధైర్యం వచ్చింది.

ఆ ధైర్యం కాసేపే. షెడ్డు పక్క సెక్యూరిటీ గదిలో ఫోను మోగింది. మామ ఫ్యాక్టరీ కాదు గాని, మా సభ్యుల్లో ఎక్కువమంది పనిచేసే రెండు పెద్ద మందుల ఫ్యాక్టరీలకు ఆ పొద్దున విదేశీ తనిఖీవాళ్లు చెప్పాపెట్టకుండా దిగారు. మందుల ఫ్యాక్టరీలో అంతకంటే పెద్ద గండం ఉండదు. సెలవులో ఉన్నవాళ్లను కూడా పిలిపించారు. మా సభ్యులంతా తెల్లకోట్లు, తెల్లటోపీలు పెట్టుకుని కాగితాలు మోస్తున్నారు, ఒక్కరూ రాలేరు. నర్సింహారెడ్డి అన్న ఫోను పెట్టేసి, “పుణ్యానికి పోతే పాపం ఎదురైంది సార్” అన్నాడు. షెడ్డులో వరుసగా వేసిన కుర్చీలు, ముందు వరుసలో పెద్దాయన, అటూ ఇటూ నాలాంటి నలుగురైదుగురు. మైకు పరీక్ష చేస్తుంటే మాట గోడకు తగిలి మళ్లీ మా దగ్గరికే వస్తోంది. మామ ముఖం చూడలేక నేను బ్యానరు సర్దుతున్నట్టు నటించాను.

“మొదలుపెడదామా?” అన్నాడు పెద్దాయన ఇంగ్లీషులో, గడియారం చూసుకోకుండా. మామ మైకు దగ్గరికి కదిలాడు. అప్పుడు వెనుక నుంచి అత్తమ్మ వచ్చింది, కొంగు నడుముకు చెక్కుకుని, చేతిలో గరిటెతోనే.

“ఏం మొదలుపెడ్తవయ్యా? ముందు అన్నం తినాలె.”

“సుశీలా, సర్క్యులర్‌ల మీటింగ్ ముందున్నది” అన్నాడు మామ, గొంతు తగ్గించి.

“అన్నం సల్లారుతున్నది. నీ మీటింగు ఇగ సల్లారేదేం లేదు, అది ఎప్పుడో సల్లారింది.”

అని ఆమె ఎవరి జవాబూ వినకుండా గేటు దగ్గరికి నడిచింది. మొదటి షిఫ్టు అప్పుడే దిగింది. రోడ్డు పక్కన బస్సు కోసం, ఆటోల కోసం మనుషులు గుంపులుగా నిలబడి ఉన్నారు. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు కొందరు, బీహారు నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ. భుజాల మీద తువ్వాళ్లు, చేతుల్లో ఖాళీ టిఫిన్లు. అత్తమ్మ గేటు తీసి, చర్చిలో పాట ఎత్తుకునే గొంతుతో, “రాండి బిడ్డా, తిని పోండి. ఆవో, ఖానా ఖాకే జావో” అని పిలిచింది. మొదట ఎవరూ కదలలేదు. ఇంత మంచి వాసన తమ కోసం అంటే నమ్మలేదు. చివరికి సన్నగా ఉన్న ఒకతను, తర్వాత తెలిసింది పేరు రామ్‌బరన్ అని, “హమారే లియే?” అని అడిగాడు. “మీకే” అంది అత్తమ్మ. అతను చెయ్యి కడుక్కోవడం చూసి మిగతావాళ్లు కడుక్కున్నారు.

అంతమంది అంత ఇష్టంగా తినడం నేను మళ్లీ చూడలేదు. నేను దాల్చా వడ్డించాను. నర్సింహారెడ్డి అన్న ప్యాంటు మడిచి అన్నం పెట్టాడు. పెద్దాయన కుర్చీలో కూర్చోలేదు. పంక్తిలో కింద కూర్చుని, పక్కనున్నతనితో హిందీలో మీది ఏ జిల్లా అంటూ మాట్లాడుతూ తిన్నాడు. మామ మాత్రం స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. అత్తమ్మ పళ్లెం తెచ్చి చేతిలో పెట్టి, “తిను, ఏడ్వాలంటే కూడ బలం కావాలె” అంది. తిన్నాడు.

భోజనాలయ్యాక అసలు సంగతి జరిగింది. తిన్నవాళ్లు వెళ్లలేదు. ఒకరి ఇంట్లో తిని, చెయ్యి కడుక్కుని, వెనక్కి తిరిగి పోవడం వాళ్ల ఊళ్లలోనూ బాగుండదేమో. అక్కడేదో కార్యం ఉందని అర్థమైంది, కుర్చీలు ఉన్నాయి, వెళ్లి వరుసగా కూర్చున్నారు. కుర్చీలు చాలక కొందరు గోడలకు ఆనుకున్నారు. షెడ్డు నిండింది. పెద్దాయన చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చి, ఆ నిండుదనం చూసి, “శామ్యూల్, చిన్న సెంటరన్నారు, హాలు ఇట్లా నిండింది!” అన్నాడు సంతోషంగా. నర్సింహారెడ్డి అన్న మామ మోచేయి గిల్లాడు. ఆ గిల్లుడుకు అర్థం నాకు తెలుసు. నోరు మూసుకో, అంతే చాలు, సెంటరు నిలబడుతుంది. నేనూ అదే కోరుకున్నాను. దేవుడా ఈ ఒక్కసారి మామను మాట్లాడనీయకు అని నిజంగానే ప్రార్థన చేశాను.

మామ మైకు పట్టుకున్నాడు. తన దక్కనీ హిందీలో, అందరికీ అర్థమయ్యేట్టు చెప్పాడు. వీళ్లు మా మెంబర్లు కారు సార్. మా మెంబర్లు తనిఖీలో ఇరుక్కున్నారు. వీళ్లు మా భోజనానికి వచ్చినవాళ్లు. భోజనం ఎందుకింత మిగిలిందంటే, నేను సగం కలిపితే మావాళ్లందరూ తలో సగం కలిపారు. వంట అయితే గొలుసులాగ బలంగా చేశాం గాని, కుర్చీల సంగతే లెక్క తప్పింది. షెడ్డంతా నవ్వింది. ఖాజా భాయ్ వెనుక నుంచి గరిటె ఎత్తి సలాం చేశాడు. పెద్దాయన కూడా నవ్వాడు, తర్వాత నవ్వు ఆపి మామ వంక చాలాసేపు చూశాడు. నాకు ఆ క్షణంలో మామ మీద కోపమూ వచ్చింది, ఆయన మేనకోడల్నని గర్వమూ వచ్చింది. ఏది ముందు వచ్చిందో చెప్పలేను.

పెద్దాయన తెచ్చుకున్న ఇంగ్లీషు ప్రసంగం తీయలేదు. ఇక్కడ ఇంజనీర్లం కొంతమందిమి ఉన్నాం, మీకేమైనా అడగాలని ఉంటే అడగండి అన్నాడు హిందీలో.  రామ్‌బరన్ లేచాడు.

“సాబ్, సైరన్ బజా తో కిధర్ భాగ్నా?”

సైరన్ మోగితే ఎటు ఉరకాలి. అంతే ప్రశ్న. తాను పనిలో చేరిన కొత్తలో ఒకసారి సైరన్ మోగిందట. అందరూ గేటు వైపు ఉరికారు గనుక తానూ ఉరికాడట. ఘాటు వాసనా అటే వచ్చిందట. ఆ రోజు దగ్గుతోనే గండం గడిచింది. ఎటు పోవాలో అప్పుడూ ఎవరూ చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. అతను ఫిర్యాదు చేస్తున్నట్టు అనలేదు, దారి అడిగినట్టు అడిగాడు. పక్కన చాలామంది తలలూపారు.

మామ బ్యానరు దగ్గరికి వెళ్లి, అత్తమ్మ పిన్నీసులతో పెట్టిన ఏడాది అంకె ముక్కను ఊడదీశాడు. దాన్ని ఒక వెదురుకర్రకు కట్టి, అందరినీ షెడ్డు బయటికి రమ్మన్నాడు. కర్ర ఎత్తి పట్టుకుంటే గుడ్డ రెపరెపలాడింది. “గుడ్డ ఎటు ఎగురుతున్నదో సూడుండ్రి. గ్యాసు కూడ అటే పోతది. అటు ఉరకొద్దు. గాలికి అడ్డంగ పక్కకు ఉరకాలె, పక్కకు వచ్చినంక గాలి వచ్చే దిక్కుకు పోవాలె” అన్నాడు. నర్సింహారెడ్డి అన్న దాన్ని హిందీలో మళ్లీ చెప్పాడు. చెబితే చాలదని, ఒకసారి ఉరికి చూద్దామన్నాడు మామ. అత్తమ్మ సైరన్ లాగ కూతపెట్టింది. అందరూ ఉరికారు. మొదటిసారి సగంమంది అలవాటు కొద్దీ గేటు వైపే పోయారు. రెండోసారి సరిగ్గా ఉరికారు. సూటులో ఉన్న పెద్దాయన కూడా ఉరికాడు, టై భుజం మీద వేసుకుని. చిన్నపిల్లల బడి మైదానంలాగ ఉంది ఆ ఆవరణ. నవ్వి నవ్వి నా పక్కటెముకలు నొప్పి పుట్టాయి.

వెళ్లేటప్పుడు పెద్దాయన మామ చెయ్యి పట్టుకున్నాడు. ఇంత మంచి వార్షిక సభ తాను చూడలేదని, కాని సభ్యులు ఎంతమంది వచ్చారో ఉన్నదున్నట్టు రాయక తప్పదని చెప్పాడు. “రాయండి సార్” అన్నాడు మామ. చలి తగ్గేలోపే కబురొచ్చింది. మా సెంటరు హైదరాబాదులో కలిసిపోయింది.

ఆ తర్వాత ఇల్లు ఇల్లులాగ లేదు. మామ వరండాలోని సెంటరు బోర్డు తానే విప్పి అటక మీద పెట్టాడు. స్టెన్సిల్ ఇంకు వాసన పోయింది. కుర్చీల మీద కూర్చోవడానికి చోటు దొరికింది, ఆ చోటు ఎవరికీ అక్కర్లేదు. అత్తమ్మ వంటింట్లో కుళాయిని కావాలనే కారనిచ్చింది. మామ లేచి బాగుచేస్తాడని చూసింది. చుక్క చుక్కా పడుతుంటే ఆయన పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు. చివరికి నేనే వాషరు మార్చాను. సిటీలో ఉపన్యాసాలకు పిలుపులు వచ్చేవి, మామ వెళ్లలేదు. ఫ్యాక్టరీ, ఇల్లు, ఆదివారం చర్చి. ఆయన్ను అట్లా చూస్తుంటే నాకు ఏడుపొచ్చేది.

ఇంతవరకూ చెప్పేసరికి శ్రావ్య, “అంటే నిజంగనే మూసేసిన్రా మేడమ్?” అంది, చేతిలో ఫోను పక్కన పెట్టి. మూసేశారు బిడ్డా అన్నాను. ఆ పిల్లకు నమ్మకం కలగలేదు. ఎట్లా కలుగుతుంది, ఇప్పుడు అదే సెంటరుకు ఆమె కార్యదర్శి. ఇప్పటి వార్షిక సభలకు నేనూ పోతుంటాను. మెడలో బిళ్లలు, తెర మీద బొమ్మలు, అట్టపెట్టెల్లో భోజనం. పెట్టె బాగానే ఉంటుంది గాని ఎవరు వండారో తెలియదు, ఎవరూ పక్కన నిలబడి ఇంకొంచెం వేసుకోమనరు. ఒక్కోసారి నాకు ఆ దేగుల ముందు చెమట కారుస్తున్న ఖాజా భాయ్ గుర్తొచ్చి, పెట్టెలో అన్నం చప్పగా అనిపిస్తుంది. అట్లాగని ఆ రోజులే బంగారమని నేననను. అప్పుడు సైరన్ ఉండేది, అది మోగితే ఏం చేయాలో చెప్పే మనిషి ఉండేవాడు కాడు. ఇప్పుడు చాలా ఫ్యాక్టరీల మీద గాలి ఎటు వీస్తుందో చూపే గాలిసంచి ఎగురుతోంది, ఎక్కడ గుమిగూడాలో బోర్డు ఉంది, చేరిన రోజే పాఠం ఉంది. నా కళ్లతో చూశాను, సంతోషించాను. అయినా అన్నిచోట్లా ఉందని నేను నమ్మను. రైలు దిగే కొత్తవాళ్లు ప్రతి నెలా దిగుతూనే ఉన్నారు. కాంట్రాక్టు మీద వచ్చి, కిరాయి గదిలో మూట పెట్టి, మర్నాడే పనిలోకి దిగేవాడికి ఆ బోర్డు చదివి చెప్పేదెవరు?

సెంటరు మళ్లీ మా చేతికి రావడానికి ఢిల్లీలో ఏ తీర్మానం చేశారో నాకు తెలియదు. ఆ పెద్దాయనే పట్టుబట్టాడని తర్వాత విన్నాను. అది కాగితం మీద జరిగింది. సెంటరు బతకడం మాత్రం అంతకుముందే జరిగింది, మా ఇంటి గేటు దగ్గర.

మళ్లీ చలికాలం వచ్చింది. ఆ రెండో శనివారం మాకు ఏ పనీ లేదు. మామ బనీనుతో ముందరి గదిలో పడుకుని ఉన్నాడు, నిద్రపోవడం లేదు. అత్తమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. మధ్యాహ్నం గేటు చప్పుడైంది. నేను వెళ్లి చూస్తే రామ్‌బరన్. వెనుక ఇంకా మనుషులు, గోడ పొడుగునా. పోయిన ఏడు తిన్నవాళ్ల ముఖాలు కొన్ని గుర్తుపట్టాను. మిగతావాళ్లు నాకు తెలియదు. కొత్త చొక్కాల మడతలు కూడా పోని పిల్లలు, తల దించుకుని నిలబడ్డారు. క్యాంటీను షెడ్డుకు పోతే తాళం ఉందట. వాచ్‌మన్‌ను అడిగి, శామ్యూల్ సాబ్ ఇల్లెక్కడని వాకబు చేసుకుంటూ ఆటోల్లో వచ్చారట. నా వెనుకే అత్తమ్మ వచ్చింది. ఆమెను చూసి రామ్‌బరన్ చేతులు జోడించాడు.

“అమ్మా, ఖానే కే లియే నహీ ఆయే. ఖాకే ఆయే” అన్నాడు. తిండి కోసం రాలేదు, తినే వచ్చామని. తర్వాత వెనుకనున్న పిల్లల్ని ముందుకు నెట్టాడు. “యే లోగ్ నయే హై. ఇన్కో అభీ తక్ కిసీ నే నహీ బతాయా.”

వీళ్లు కొత్తవాళ్లు. వీళ్లకు ఇంకా ఎవరూ చెప్పలేదు.

అత్తమ్మ గేటు రెండు రెక్కలూ తీసింది. అంత దూరం నుంచి ఏం తిని వచ్చారో ఆమెకు తెలుసు. “అంత దూరం నుంచి వచ్చిండ్రు. ముందు అన్నం. గాలి సంగతి తిన్నంక” అని లోపలికి పోయి పొయ్యి మీద పెద్ద గిన్నె పెట్టింది. నేను మామను లేపడానికి వెళ్లాను. లేపాల్సిన పని లేదు, ఆయన అప్పటికే లేచి కిటికీ పక్కన నిలబడి అంతా విన్నాడు. కళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయి, తెల్లచొక్కా కోసం గోడను తడుముతున్నాడు. కాసేపటికి గుండీలన్నీ ఒకదానికి బదులు ఇంకొకటి పెట్టుకుని, ఒక కొస పైకి, ఒక కొస కిందికి వేలాడుతున్న చొక్కాతో, శామ్యూల్ గారు వరండాలోకి వచ్చి నిలబడ్డాడు. మాటలు ఆగాయి. చొక్కా సంగతి మాలో ఎవ్వరమూ చెప్పలేదు.